ఒక దేశాన్ని లోతుగా చదవాలంటే ఏ డిగ్రీ? గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ తెలుగు పిల్లల కోసం ఒక పోలిక

ప్లస్ టూ అయ్యేసరికి బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో మాటలన్నీ ఇంజినీరింగ్, నర్సింగ్, బీఎడ్ చుట్టూనే తిరుగుతాయి. ఈ మధ్య ఇంకో రకం పిల్లలు కూడా కనిపిస్తున్నారు. కొరియన్ సీరియళ్లతోనో, జపాన్ కార్టూన్లతోనో మొదలుపెట్టి, ఆ దేశం అలా ఎందుకుందో తెలుసుకోవాలని గట్టిగా అనుకుంటున్నవాళ్లు. "అది చదివితే ఏం ఉద్యోగం వస్తాది?" అని ఇంట్లో అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. పిల్లల ఆసక్తిలోనూ తప్పు లేదు. రెండింటినీ దగ్గర పెట్టుకుని, ఒడిశాలోని మన సరిహద్దు జిల్లాల నుంచి ఉన్న దారులను పోల్చి చెబుతాను.

## ఈ చదువు ఎలా ఉంటుంది

ఒక దేశపు భాష, చరిత్ర, రాజకీయం, ఆర్థికం, మతం, సాహిత్యం అన్నీ కలిపి చదవడాన్ని యూనివర్సిటీల్లో ఏరియా స్టడీస్ అంటారు. దీనికి ఉదాహరణ గజపతి జిల్లాలోనే ఉంది. చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ల శిబిరం ఉంది. దగ్గర్లోని జీరంగ్‌లో పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మనం సెలవు రోజున వెళ్తాం, ప్రార్థన జెండాల కింద ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఈ చదువు చదివే విద్యార్థికి అక్కడ వరసగా ప్రశ్నలు పుడతాయి. 1959 తర్వాత వాళ్లు ఇల్లు వదిలి ఎందుకు రావలసివచ్చింది? అంత చల్లటి దేశం వాళ్లకి ఒడిశా కొండల్లో భూమి ఎలా దొరికింది? పొలంలో మొక్కజొన్న వేసేవాళ్లు చలికాలం వచ్చేసరికి ఊళ్లలో స్వెటర్ల దుకాణాలు ఎందుకు పెడతారు? విహారం ఆ ఊరి బతుకులో ఏ పని చేస్తోంది? ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష మాట్లాడే పిల్లలు రేపు ఏ భాషలో రాస్తారు? మొదటిది చరిత్ర, రెండోది రాజకీయం, మూడోది ఆర్థికం, తర్వాతవి మతం, భాష. ఒక్కదానికి సరైన జవాబు కావాలన్నా మిగతావన్నీ కొంతైనా తెలియాలి. నాలుగైదు శాస్త్రాలను ఒకే డిగ్రీలో కలపడానికి కారణం ఇదే.

ఈ పని మన నేల మీదే చేసి చూపించినాయన గిడుగు రామమూర్తి పంతులు. 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ముఖలింగం శాసనాలు పట్టుదలగా చదివారు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి పూనుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ముందు భాష నేర్చుకున్నారు, ఆ భాష మాట్లాడే మనుషుల గురించి తర్వాత రాశారు. కోర్సు ఎంచుకోవడానికి నేను చెప్పే మొదటి కొలత కూడా ఆ వరసే.

## ముందు చూసుకోవలసినవి

ఆ దేశపు భాష ఎంత నేర్పుతారు? నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే. భాష లేకుండా జపాన్ గురించి రెండేళ్లు చదివితే ఇంగ్లిష్‌లో ఇతరులు రాసినదే మీ చేతికి వస్తుంది. ఆ మాత్రం లైబ్రరీలో కూర్చున్నా వస్తుంది. సిలబస్ తెరిచి ఒక్కో సెమిస్టర్‌లో భాషకు ఎన్ని పేపర్లు ఉన్నాయో లెక్క పెట్టండి. డిగ్రీ ముగిసేసరికి ఏ స్థాయికి చేరుస్తారో అడగండి. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 అట్టడుగు, ఎన్1 అన్నిటికన్నా పైది. కొరియన్ భాషా పరీక్ష టోపిక్‌లో ఆరు మెట్లు. జర్మన్, ఫ్రెంచ్ భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా. ఎన్5 దగ్గర ఆగిపోయే కోర్సు పేరు ఎంత పెద్దదైనా, దానితో ఆ భాషలో వార్తాపత్రిక చదవడం రాదు.

మీకు ఏ సీటు వర్తిస్తుంది? సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చుట్టాలంతా శ్రీకాకుళం, విజయనగరంలో ఉంటారు. కానీ ఆంధ్రలో రాష్ట్ర యూనివర్సిటీ సీట్ల దగ్గర మనం స్థానికులం కాము. అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి, మిగిలిన 15 శాతానికీ షరతులు ఉంటాయి. తెలంగాణలోనూ స్థానికతే అడ్డం వస్తుంది. కేంద్ర యూనివర్సిటీలకు ఈ గొడవ లేదు, అక్కడ దేశమంతా ఒకటే లెక్క. అయితే కులపత్రం విషయంలో ఇంకో చిక్కుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీగానో బీసీగానో ఉన్న కులం పక్క రాష్ట్రంలో అలా ఉండాలని లేదు. ఒడిశా ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతుల) జాబితాలో ఉన్న కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలనీ లేదు. కేంద్ర యూనివర్సిటీలో ఓబీసీ కింద సీటు కావాలంటే ఒడిశాకు సంబంధించిన కేంద్ర జాబితాలో మీ కులం ఉండాలి, పత్రం కేంద్రం నమూనాలోనే ఉండాలి. తహసీల్ ఆఫీసులో అడిగేటప్పుడు ఈ మాట స్పష్టంగా చెప్పండి. కౌన్సెలింగ్ రోజున తెలిస్తే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

పట్టా మీద పేరేమిటి? లెక్చరర్ పోస్టుల ప్రకటనల్లో సాధారణంగా చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రం అని ఉంటుంది. పట్టా మీద "ఈస్ట్ ఏషియన్ స్టడీస్" అని ఉంటే ఆ పోస్టుకు అర్హతో కాదో వివరణలు ఇచ్చుకోవాల్సి రావచ్చు. కాలేజీ ఉద్యోగమే లక్ష్యమైతే ఈ కొలత చాలా పెద్దది. అనువాదం, కంపెనీలు, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు ఇది అంత ముఖ్యం కాదు.

ఖర్చు, దూరం, ఆ దేశం చూసే అవకాశం. ఈ మూడూ ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వాళ్లే తూచుకోవాలి. ఒక్కో దారి దగ్గర వివరాలు చెబుతాను.

## మొదటి దారి: కేంద్ర యూనివర్సిటీలో విదేశీ భాష ఆనర్స్

ప్లస్ టూ కాగానే నేరుగా చేరే దారి ఇది. మూడు చోట్లు ముఖ్యం.

ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ (జేఎన్‌యూ)లో జపనీస్, కొరియన్, చైనీస్, రష్యన్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, పర్షియన్ వంటి భాషల్లో బీఏ ఆనర్స్ ఉంది. అక్షరాల నుంచి మొదలుపెట్టి నేర్పుతారు కాబట్టి ముందే ఏమీ రాకపోయినా పర్వాలేదు. భాషతో పాటు ఆ దేశపు చరిత్ర, సాహిత్యం, సమాజం మీద పేపర్లు ఉంటాయి. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల రూపాయల్లోనే ఉంటుంది, కాబట్టి అసలు ఖర్చు హాస్టల్, భోజనం, ప్రయాణం. వెనకబడిన జిల్లాల విద్యార్థులకు అదనపు పాయింట్లు ఇచ్చే పద్ధతి అక్కడ చాలాకాలంగా ఉంది. మీ జిల్లా ఆ పట్టికలో ఉందేమో ఈ ఏడాది ప్రాస్పెక్టస్‌లో తప్పక చూడండి. రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో దిగవచ్చు. పిల్లను ఒంటరిగా పంపడానికి భయపడే తల్లిదండ్రులకు ఇది చిన్న సంగతి కాదు.

శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో చీనా భవన్ 1937 నుంచి ఉంది. మన దేశంలో చైనా చదువుకు అది పుట్టినిల్లు. జపనీస్‌కు నిప్పన్ భవన్ ఉంది, టిబెట్ మీద ఆసక్తి ఉంటే ఇండో టిబెటన్ శాఖ ఉంది. బరంపురం నుంచి హౌరా వెళ్లి అక్కడ బోల్‌పూర్ బండి ఎక్కాలి. ఒడియా బడిలో చదివిన పిల్లలకు బెంగాలీ తొందరగా అర్థమవుతుంది, ఢిల్లీ కంటే అక్కడ త్వరగా కుదురుకుంటారు. తొందర పెట్టని చదువు కావాలనుకునేవాళ్లకు నేను ఈ చోటునే చెబుతాను.

హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) 1958లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలై 2007లో కేంద్ర యూనివర్సిటీ అయింది. అరబిక్, ఫ్రెంచ్, జర్మన్, రష్యన్, స్పానిష్ భాషల్లో దీనికి మంచి పేరుంది. బరంపురం నుంచి సికింద్రాబాద్‌కు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉంది, ఊళ్లో మాట్లాడేది మన భాష, చుట్టాలు ఎవరో ఒకరుంటారు. చదువుతూనే భాష అవసరమున్న కంపెనీల్లో పని వెతుక్కునే వీలు మిగతా రెండు చోట్ల కంటే ఇక్కడ ఎక్కువ. ప్రవేశ పద్ధతి మాత్రం యూనివర్సిటీ ప్రకటనలోనే చూసుకోవాలి.

జేఎన్‌యూ, విశ్వభారతి డిగ్రీలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ పరీక్ష 13 భాషల్లో ఉంటుంది, తెలుగు, ఒడియా రెండూ వాటిలో ఉన్నాయి. ఏ కోర్సుకు ఏ పేపర్లు అడుగుతారో చూశాకే ఫారం నింపండి. పేపరు తప్పుగా ఎంచుకుంటే ఎన్ని మార్కులొచ్చినా సీటు రాదు.

ఈ దారిలో లోపం కూడా ఉంది. మూడేళ్లలో ఎక్కువ కాలం భాషకే పోతుంది. సమాజశాస్త్రం, ఆర్థికం పేపర్లు ఉన్నా పలుచగా ఉంటాయి. భాష బాగా వచ్చి, ఆ భాషతో ఏ ప్రశ్న అడగాలో తెలియని స్థితిలో కొందరు మిగిలిపోతారు. ఎంఏకి సమాజశాస్త్రం వైపు తిరిగితే ఆ లోటు తీరుతుంది.

## రెండో దారి: దగ్గర్లో బీఏ, తర్వాత ఏరియా స్టడీస్ ఎంఏ

బరంపురం యూనివర్సిటీ కిందనున్న కాలేజీల్లోనో, పర్లాకిమిడి కృష్ణచంద్ర గజపతి కాలేజీలోనో చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రంలో ఏదో ఒకటి చదవడం, ఆపై ఎంఏకి బయటికి వెళ్లడం. ఇంట్లో ఉండి చదువుకోవచ్చు, ఖర్చు తక్కువ. పట్టా మీద పేరు ఏ ప్రకటనకైనా సరిపోతుంది. ఎంఏ దగ్గర మనసు మారినా నష్టం లేదు. కొరాపుట్‌లోని కేంద్ర యూనివర్సిటీలో మానవశాస్త్రం ఉంది. ఊళ్లకు వెళ్లి మనుషులతో మాట్లాడి రాసుకునే పద్ధతి అందులో నేర్పుతారు. రేపు హనోయ్‌లో పరిశోధన చేసినా, సియోల్‌లో చేసినా పనికొచ్చే విద్య అది.

ఎంఏకి వెళ్లదగ్గ చోట్లు కొన్ని చెబుతాను. జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో విడి సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. ఢిల్లీ యూనివర్సిటీ ఈస్ట్ ఏషియన్ స్టడీస్ శాఖ 1964లో చైనా అధ్యయనంతో మొదలైంది, ఇప్పుడు చైనా, జపాన్, కొరియా మూడూ చదవవచ్చు, ఎంఏలోనే భాష కూడా ఉంటుంది. ఆఫ్రికా మీద ఆసక్తి ఉంటే ఢిల్లీలోనూ ముంబైలోనూ శాఖలున్నాయి. తిరుపతి వేంకటేశ్వర యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. స్థానికత షరతు దాటగలిగితే, మన వాళ్లకు దీనికన్నా దగ్గరి విషయం లేదు. గోపాలపురం రేవు నుంచి ఓడలెక్కి గంజాం జనం "రంగం" (బర్మాలోని రంగూన్) వెళ్లి కూలి చేసిన కథలు పాత కుటుంబాల్లో ఇంకా చెప్పుకుంటారు. బర్మా చదువు అంటే ఒక విధంగా మన తాతల చదువే.

ఈ దారిలో పెద్ద ప్రమాదం భాష. ఇరవై ఒకటో ఏట, ఎంఏలో చేరాక మొదటిసారి చైనీస్ అక్షరాలు పట్టుకుంటే రెండేళ్లలో చదివే స్థాయి రావడం కష్టం. జపనీస్‌లో రోజువారీ చదువుకు గుర్తించిన చైనా లిపి అక్షరాలే 2,136 ఉన్నాయి. అందుకే బీఏ మొదటి ఏడాదే భాష మొదలుపెట్టాలి. 2022లో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి అనుమతి ఇచ్చింది. కాలేజీలో రోజూ వెళ్లే డిగ్రీతో పాటు దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇంకొకటి చేయవచ్చు. పగలు చరిత్ర, సాయంత్రం ఆన్‌లైన్‌లో జపనీస్ అన్న పద్ధతిలో బీఏ అయ్యేసరికి ఎన్4 దాకా వచ్చినా ఎంఏలో మీ స్థితే వేరుగా ఉంటుంది.

మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లిష్. కొత్త లిపి అంటే బెదురు తక్కువ. పైగా జపనీస్‌లో, కొరియన్‌లో క్రియ తెలుగులో లాగే వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామం తర్వాతే వస్తాయి. ఇంగ్లిష్ వ్యాకరణంతో పడ్డ అవస్థ అక్కడ అంతగా ఉండదు.

## మూడో దారి: నేరుగా ఆ దేశానికే

జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్‌లో డిగ్రీ విభాగం ఉంది. మొదటి ఏడాది భాష, తర్వాత నాలుగేళ్ల డిగ్రీ. ఫీజు ఉండదు, నెలకు 1,17,000 యెన్‌లు ఇస్తారు. సాంఘిక శాస్త్రాల వైపు వెళ్లేవాళ్లు కూడా ఇంగ్లిష్, జపనీస్‌తో పాటు లెక్కల పరీక్ష రాయాలి. ఆర్ట్స్ పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ జీకేఎస్‌లోనూ ముందు ఏడాది భాష నేర్పుతారు, టోపిక్ మూడో మెట్టు దాటితేనే డిగ్రీలోకి పంపుతారు.

చదువు నాణ్యతలో దీనికి సాటి లేదు. కానీ సీట్లు చాలా తక్కువ. ప్రయత్నం చేయండి, దీని మీదే ఆశ పెట్టుకుని ఏడాది ఖాళీగా కూర్చోవద్దు. ఇంకో మార్గముంది: ఇక్కడ యూనివర్సిటీలో జపనీస్ ప్రధానంగా చదివేవాళ్లను ఏడాది పాటు అక్కడికి పిలిచే మెక్స్‌ట్ విభాగం విడిగా ఉంది. మొదటి దారి ఎంచుకున్నవాళ్లకు అది తలుపు తీసినట్టే.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌తో విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయవచ్చు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. అయితే 2022 నిబంధనల్లో భారతదేశపు సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద చేసే చదువులకు ఇది వర్తించదని పెట్టారు. అంటే లండన్ వెళ్లి జపాన్ సమాజాన్ని చదవడానికి డబ్బు వస్తుంది, సవర సమాజాన్ని చదవడానికి రాదు. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. అంశం ఎంచుకునే ముందు మాత్రం తెలుసుకుని తీరాలి.

## నాలుగో దారి: ప్రైవేటు యూనివర్సిటీలు

అంతర్జాతీయ అధ్యయనాల పేరుతో కోర్సులున్నాయి, తరగతులు చిన్నవి, మార్పిడి కార్యక్రమాలు ఉంటాయి. ఫీజు ఏడాదికి లక్షల్లో. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే ఆలోచించండి. అప్పు చేసి మాత్రం ఈ చదువుకు వెళ్లవద్దు. దీని తర్వాత వచ్చే మొదటి జీతాలు అంత అప్పును మోయలేవు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | భాష ఆనర్స్ | దగ్గర్లో బీఏ + ఎంఏ | నేరుగా విదేశం | ప్రైవేటు |
|---|---|---|---|---|
| భాష | చాలా బలం | మీరే ముందు మొదలుపెట్టాలి | అన్నిటికన్నా బలం | కోర్సును బట్టి |
| సమాజశాస్త్ర పునాది | పలుచన | గట్టిది | గట్టిది | బాగుంటుంది |
| ఖర్చు | తక్కువ | మొదటి మూడేళ్లు అతి తక్కువ | స్కాలర్‌షిప్ ఉంటే దాదాపు లేదు | చాలా ఎక్కువ |
| సీటు దొరకడం | పోటీ ఉంది | బీఏ సులువు, ఎంఏకి పోటీ | చాలా కష్టం | డబ్బుంటే సులువు |
| మనసు మారితే | కొంచెం ఇబ్బంది | ఇబ్బంది లేదు | కష్టం | ఫరవాలేదు |

## ఎవరికి ఏది

దేశం ఏదో తేలిపోయి, రెండేళ్లుగా ఆ ఆసక్తి తగ్గకుండా ఉన్నవాళ్లు మొదటి దారిలో వెళ్లండి. ఆ వయసులో భాష ఎక్కినట్టు తర్వాత ఎక్కదు.

ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లకు, ఇంటికి తొందరగా ఆసరా కావలసినవాళ్లకు రెండోది మేలు. బీఏ తర్వాత బీఎడ్, పోటీ పరీక్షలు అన్నీ తెరిచే ఉంటాయి, పక్కన నేర్చుకున్న భాష ఎక్కడికీ పోదు.

లెక్చరర్ కావాలనుకుంటే రెండు రకాలుగా చేరవచ్చు. లెక్చరర్ అర్హత కోసం రాసే నెట్ పరీక్షలో చైనీస్, జపనీస్, రష్యన్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, అరబిక్, పర్షియన్ విడి సబ్జెక్టులుగా ఉన్నాయి, కాబట్టి భాషలో ఎంఏ చేసినవాళ్లకు ఆ దారి ఉంది. పోస్టులు మాత్రం పెద్ద నగరాల్లోనే. బరంపురంలోనో జయపురంలోనో పాఠం చెప్పాలని ఉంటే చరిత్ర, రాజనీతి శాస్త్రం పేరు మీదే పట్టా తెచ్చుకోండి.

జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం భాష కావాలనుకునేవాళ్లకు ఈ డిగ్రీలేవీ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జర్మన్ భాషా కేంద్రం గోథే జెంట్రమ్ లాంటి చోట బీ2 దాకా భాష నేర్చుకుంటే చాలు.

అనువాదం మీద మనసున్నవాళ్లకు మన బరంపురం ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో ఉండి రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చిన సంగతి గుర్తు చేస్తాను. జపనీస్ నుంచి, కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చేవాళ్లు ఇప్పటికీ చాలా తక్కువ. మనకు వచ్చేవి ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వస్తున్నాయి. ఆ పనికి భాష ఆనర్స్ తప్ప ఇంకో దారి నేను చెప్పలేను. తెలుగు కూడా గట్టిగా రావాలి. ఒడియా మీడియంలో చదివిన పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుతో సరిపెట్టుకోకుండా చదవడం, రాయడం ఇప్పటి నుంచే సాధన చేయాలి.

## ఈ ఏడాది చేయవలసినవి

ప్లస్ టూ రెండో ఏడాదిలో ఉంటే దసరా లోపల కుల, ఆదాయ, నివాస పత్రాలు పూర్తి చేసుకోండి. కేంద్ర నమూనా ఓబీసీ పత్రం ఏ ఆర్థిక సంవత్సరానికి చెల్లుతుందో చూసి తీసుకోండి. మీకు నచ్చిన రెండు కోర్సుల సిలబస్ దింపుకుని, భాష పేపర్లకు ఒక రంగు, మిగతావాటికి ఇంకో రంగు గీతలు గీయండి. ఏది ఎంత ఉందో కళ్లకు కనిపిస్తుంది. తర్వాత మూడు నెలలు ఆ భాష అక్షరాలు రోజుకు అరగంట రాయండి. కొరియన్ హంగుల్‌లో మూలాక్షరాలు 24 మాత్రమే, వారం పది రోజుల్లో పట్టుబడతాయి. జపనీస్ జేఎల్‌పీటీ జూలైలోనూ డిసెంబర్‌లోనూ జరుగుతుంది, ఎన్5కు కూర్చోవచ్చు. మూడు నెలల తర్వాత కూడా ఆ నోటు పుస్తకం తెరవాలనిపిస్తుంటే సీయూఈటీ రాసి భాష ఆనర్స్‌కే మొదట ప్రయత్నించండి. విసుగు పుట్టి పక్కన పడేస్తే దగ్గరి కాలేజీలో బీఏ ఫారం తెచ్చుకోండి, ఎంఏ సంగతి మూడేళ్ల తర్వాత చూసుకోవచ్చు.